అప్‌డేట్: మర్రిగూడకు పాపతోని ప్రయాణం, డబ్బా పాల నీళ్ల ముచ్చట

నాలుగు నెలల పాపతోని హైదరాబాద్ నుంచి నల్గొండ జిల్లా మర్రిగూడ పోతే, డబ్బా పాలకు అక్కడి ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు కాచి వాడొచ్చా అని ఇంతకుముందు అడిగిన. జవాబేందంటే, వాడొద్దు. కాచితే క్రిములు చస్తయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకింత చిక్కబడ్తది. మిషన్ భగీరథ (సర్కారు శుద్ధి చేసి ఇంటింటికి ఇచ్చే) నల్లా నీళ్లే మరగబెట్టి ఫ్లాస్కుల పోసుకోవాలె.

బస్సులకు పాలు ముందే కలిపి పట్టుకపోవద్దు, గోరువెచ్చటి పాలల్ల క్రిములు జల్ది పెరుగుతయి. పొడి విడిగా కొలిచి పెట్టుకోవాలె. మా డబ్బా మీద 30 మి.లీ.కు ఒక స్కూపు అని ఉంది. ముందు నీళ్లు, తర్వాత పొడి. చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసి చూసి పట్టాలె. తాగుడు మొదలైనంక గంట దాటితే మిగిలినయి పారబోయాలె.

ఎండకు దూపైతదని ఉత్త నీళ్లు పట్టమంటరు పెద్దోళ్లు. ఆరు నెలల లోపల వద్దే వద్దు. పాలే మాటిమాటికి పట్టాలె.