పాత వైట్ మెటల్ వ్యాగన్ కిట్లు: ఒకటి కరిగింది, ఇంకోటి ఊగుతోంది, హెల్ప్ చేయండి

స్విండన్_గూడ్స్
నమస్తే అందరికీ. నేను ఉండేది యూకేలో, స్విండన్‌లో. ఒకప్పుడు గ్రేట్ వెస్టర్న్ రైల్వే వర్క్‌షాపులున్న ఊరు కదా, ఆ పిచ్చి నాకూ అంటుకుంది. పోయిన నెల ఒక సేల్‌లో బొమ్మ రైలు వ్యాగన్లు చేసుకునే పాత పోత కిట్లు మూడు దొరికాయి (వైట్ మెటల్ అంటే తక్కువ వేడికే కరిగే తగరం లాంటి లోహం, దాంతో పోసిన ముక్కల్ని మనమే అతికించుకోవాలి), డబ్బాలు నలిగిపోయి ఉన్నాయి, ఇన్‌స్ట్రక్షన్ కాగితం ఒక్కదాంట్లో కూడా లేదు. రెండు ఐరన్ మింక్‌లు, ఒక టోడ్. (తెలియని వాళ్ళకి, టెలిగ్రాఫ్‌లో పొడుగు పేర్లు కొట్టలేక ఆ రైల్వే వాళ్ళు వ్యాగన్లకి జంతువుల పేర్లు పెట్టుకున్నారు, మూసిన గూడ్స్ వ్యాన్ అయితే మింక్, ఇనుప బాడీ ఉంటే ఐరన్ మింక్, గార్డు ఉండే బ్రేక్ వ్యాన్ టోడ్, అంటే కప్ప.)

మొదటి మింక్‌ని ఎలక్ట్రానిక్స్‌కి వాడే సోల్డరింగ్ ఐరన్‌తో మొదలుపెట్టా, అలా తాకించానో లేదో మూల మొత్తం వెన్నలా కారిపోయి టేబుల్ మీద గోళీ అయింది. భయమేసి రెండోది సూపర్ గ్లూతో అంటించా, నిలబడింది గానీ పట్టాల మీద పెడితే మూడు చక్రాలే ఆనుతున్నాయి, నాలుగోది గాల్లో ఉంటోంది, పాయింట్ (పట్టాలు రెండుగా చీలే చోటు) దగ్గరకి రాగానే పడిపోతోంది. ఓఓ స్కేల్ (అసలు బండిలో ఒక అడుగుకి 4 మి.మీ.), 16.5 మి.మీ. ట్రాక్. ఇంతకీ దీన్ని టంకం పెట్టాలా గమ్ముతోనే చేయాలా? సీసం ఉంటుందంటున్నారు, ఇంట్లో నాలుగేళ్ళ పాప ఉంది, అదొక భయం.

టంకంపొడి
బ్రో నీ ఐరన్ 350 మీద ఉండుంటుంది, అంత వేడికి ఈ పోత నిలవదు. దీనికి 70 డిగ్రీలకే కరిగే లో మెల్ట్ సోల్డర్ వేరే దొరుకుతుంది, అది తీసుకో, ఐరన్ టెంపరేచర్ తగ్గించుకునేది ఉంటే 150 - 180 మధ్య పెట్టుకో. మామూలు రోజిన్ ఫ్లక్స్ (సోల్డర్ బాగా అంటుకోడానికి ముందు రాసేది) ఆ వేడికి పనిచెయ్యదు, ఫాస్ఫారిక్ యాసిడ్ కలిసిన నీళ్ళలాంటి ఫ్లక్స్ కావాలి. అతుకు పడే చోట కత్తితో గీకి మెరుపు రానియ్యి, ఒక చుక్క ఫ్లక్స్, ఐరన్ కొన మీద చిన్న సోల్డర్ బొట్టు ఎక్కించుకుని తాకించు, సుయ్ మని లోపలికి పరిగెడుతుంది, వెంటనే ఐరన్ తీసెయ్యి. ఒకటి గుర్తు పెట్టుకో, ఇత్తడి ముక్కలకి ఈ 70 సోల్డర్ నేరుగా అంటదు, ముందు ఇత్తడికి మామూలు సోల్డర్ పూత పెట్టాలి. నేనిది తెలియక ఒక సాయంత్రం మొత్తం చక్రాల ఇరుసు తిరిగే ఇత్తడి బేరింగ్‌ల మీద తగలేశా.

ఇంకో లాభం ఏంటంటే, వంకర వస్తే మరిగే నీళ్ళలో పడెయ్, ముక్కలకి ముక్కలు విడిపోతాయి, మళ్ళీ మొదలు పెట్టుకోవచ్చు. వంట గిన్నె మాత్రం వాడకు. కొన్ని లో మెల్ట్ సోల్డర్లలో సీసంతో పాటు కాడ్మియం కూడా ఉంటుంది, కిటికీ తెరిచి పెట్టుకో.

అరాల్డైట్_అన్న
గట్లేం లేదు, టంకం రానోళ్ళు గమ్ముతోనే మంచిగ చేస్కోవచ్చు, నేను హైదరాబాద్‌ల ఇరవై ఏండ్ల సంది అరాల్డైట్‌తోనే (రెండు ట్యూబులు కలిపి పెట్టే గమ్ము) చేస్తున్న. సూపర్ గ్లూ తోటే లొల్లి, అది పెళుసు, ఇవి బరువు బండ్లు, ఒక్కసారి చేతుల నుంచి జారితే పటుక్కున ఊడుతది. నెమ్మదిగ గట్టిపడే అరాల్డైట్ అయితే సర్దుకునే టైమ్ ఉంటది. నాలుగు గోడలు ఒక్కసారి నిలబెట్టకు. ఒక పక్క గోడ, ఒక చివర గోడ కలిపి ఎల్ ఆకారం చెయ్, గట్లనే ఇంకోటి, రెండు ఆరినంక కలుపు. కింద అద్దం ముక్క పెట్టు, మూలకి పిల్లల లెగో ఇటుక ఆనించు, దానికన్న సక్కని మూలమట్టం దొరకది. అంచుల పల్చటి పొర ఉంటది సూడు, పోత పోసినప్పుడు మిగిలింది, అది ఆకురాయితో తీయకుండ అంటిస్తే ఎన్నటికీ సక్కగ రాదు.

సీసం సంగతి, ఆకురాయి పట్టేటప్పుడు తడి చేస్కో, దుమ్ము లేవది. తడి గుడ్డతో తుడువు, ఊదకు. చాయ్ కప్పు టేబుల్ మీద పెట్టకు, చేతులు కడిగినంకనే పాపని ఎత్తుకో.

రాయనపాడు_రిటైర్డ్
బాబూ, ఇద్దరూ అతుకుల గురించే చెప్పారు, నీ అసలు జబ్బు అది కాదు. నేను వ్యాగన్ వర్క్‌షాప్‌లో పనిచేసి రిటైరయ్యాను. అసలు బండిలో యాక్సిల్ (చక్రాల ఇరుసు) చివరలుండే ప్రతి యాక్సిల్ బాక్స్ మీదా స్ప్రింగు ఉంటుంది, పట్టా కాస్త మెలి తిరిగినా నాలుగు చక్రాలూ ఆనతాయి. నీ బొమ్మ బండికి స్ప్రింగుల్లేవు. నాలుగు కాళ్ళ బల్ల ఊగుతుంది, ముక్కాలిపీట ఎక్కడ పెట్టినా ఊగదు, కాబట్టి నీ బండిని ముక్కాలిపీట చెయ్యి. ఒక యాక్సిల్‌ని కదలకుండా ఉంచు. రెండో దాని బేరింగు కన్నాలు రెండూ సన్నటి గుండ్రటి ఆకురాయితో పైకీ కిందకీ అర మిల్లీమీటరు సాగదియ్యి, పక్కలకి మాత్రం వదులు కాకూడదు. ఫ్లోర్ అడుగున సరిగ్గా నడిమధ్యన, బండి పొడుగునా ఇత్తడి తీగ ఒకటి అంటించు, ఆ యాక్సిల్ మధ్యభాగం దాని మీద ఆనాలి. ఇక అది తూగుడు బల్లలా అటూ ఇటూ తూగుతుంది, చక్రం గాల్లో ఉండదు.

అంతకన్నా ముందు యాక్సిళ్ళు రెండూ సమాంతరంగా ఉన్నాయో లేదో చూసుకో. అసలు మింక్ వీల్‌బేస్, అదే రెండు యాక్సిళ్ళ మధ్య దూరం, 9 అడుగులు, అంటే నీ స్కేల్లో 36 మి.మీ., రెండు వైపులా కొలువు.

స్విండన్_గూడ్స్
బాబాయ్ గారూ దండం. గ్లూ పెట్టిన మింక్‌ని పాత టిన్ను డబ్బాలో మరిగించా, మూడు గోడలు ఊడాయి, నాలుగోదానికి అసిటోన్ పట్టింది. కొలిస్తే ఒక పక్క 36, ఇంకో పక్క 35కి తక్కువ! నేను నాలుగో చక్రాన్ని తిట్టుకుంటూ కూర్చున్నా. ఎల్‌లు చేసి అరాల్డైట్ పెట్టా, తీగ కూడా వేశా. నిన్న రాత్రి పాయింట్ మీద ఇరవై సార్లు తోశా, ఒక్కసారి పడింది, అదీ నా మోచెయ్యి తగిలి.

కరిగిన మూలకి ఏం చేయాలి? గోళీ దాచిపెట్టా.

టంకంపొడి
గోళీ వదిలెయ్. లోపలి వైపు అల్యూమినియం రేకు ఆనించి ఖాళీని 70 సోల్డర్‌తోనే కొంచెం ఎత్తుగా నింపు, దానికి రేకు అంటదు, చల్లారాక లాగేసి ఆకురాయితో షేప్ తెచ్చుకో. పెయింట్ పడ్డాక నువ్వే వెతుక్కుంటావ్. రంగుకి ముందు టూత్‌బ్రష్, గిన్నెల సబ్బుతో బాగా తోము, ఫ్లక్స్ మిగిలితే తెల్లగా పూస్తుంది.

స్విండన్_గూడ్స్
ఓకే బ్రో. మరి టోడ్‌కి వెనక వరండా రెయిలింగ్ పోతలోనే ఉంది, పెన్సిలంత లావుగా. కోసేసి ఇత్తడి తీగ పెట్టాలా, ఉంచేయాలా?

అరాల్డైట్_అన్న
కోసెయ్.