బరువు తగ్గడానికి మన పట్టుదల సరిపోతుందా, పక్కన మనిషి కావాలా?

పెన్నాగట్టు, నెల్లూరు:
పొద్దున్నే ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో గుంపులుగా నడిచేవాళ్ళని చూస్తానే ఉండా. నడక తక్కువ, ముచ్చట జాస్తి. అయిపోగానే అందరూ కలిసి బండి కాడికి పొయ్యి ఎర్రకారం దోసె, పైన నెయ్యి. నా మాట సూటిగా చెప్తా: బరువు తగ్గడానికి ఎవరి ఆసరా అక్కర్లేదు. నోరు కట్టుకోగలిగినోడు తగ్గుతాడు. కట్టుకోలేనోడు వాట్సాప్ గ్రూపు పెడతాడు. కాదనేవాళ్ళు ఎందుకు కాదో చెప్పండి.

కావలి టీచరమ్మ:
అన్నా, మీ ఇంట్లో పొయ్యి దగ్గర ఎవరుంటారు? మా ఇంట్లో నేనే. ఆదివారానికి మామిడికాయ వేసి చేపల పులుసు శనివారం రాత్రే కాయాలి. మర్నాటికి నూనె పైకి తేలాలనేది మా మామగారి లెక్క. తేలలేదంటే "ఏందమ్మా, పులుసు నీళ్ళగా ఉందే" అంటారు. పోనీ నా ఒక్కదానికి విడిగా గిన్నెలో చేసుకుందామంటే "ఒకే ఇంట్లో రెండు వంటలా" అని అత్తమ్మ. పిల్లలు పళ్ళెంలో వదిలేసింది పారెయ్యడానికి చెయ్యి రాదు, అదీ నా పొట్టలోకే. బడి నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది, ఇంక నడకెక్కడ? నోరు కట్టుకోమనడం తేలిక. నాకు చప్పట్లు కొట్టేవాళ్ళు అక్కర్లేదు. కూరలో నూనె తగ్గినా గమ్మున తినేవాళ్ళు కావాలి, అంతే.

ఒంగోలు కుర్రోడు:
ఆసరా ఎక్కువైతే ఎట్టా ఉంటుందో నన్నడగండి. పెళ్ళి పంక్తిలో అందరూ వింటుండగా మా ఆవిడ "ఆయనకి స్వీటు వెయ్యొద్దు, ఒళ్ళు చూశారుగా" అనింది. వడ్డించే అబ్బాయి కూడా నవ్వాడు. వచ్చే దారిలో బండి ఆపి ఆ కోపానికి రెండు ప్లేట్లు మిరపకాయ బజ్జీ లాగించా. ఇట్టాంటి ఆసరా మా శత్రువులకి కూడా వద్దు.

కందుకూరు ల్యాబు:
ముగ్గురూ మూడు వైపుల నుంచి ఒకే చోటికొస్తున్నారు. 1999లో అమెరికాలో వింగ్, జెఫరీ అనే ఇద్దరు పరిశోధకులు 166 మందితో నాలుగు నెలల బరువు తగ్గించే శిక్షణ నడిపారు. కొందరు ఒంటరిగా చేరారు, కొందరు ముగ్గురేసి స్నేహితుల్ని వెంటబెట్టుకొచ్చారు. ఒంటరిగా వచ్చి మామూలు శిక్షణ తీసుకున్నవాళ్ళలో 76 శాతం చివరిదాకా ఉన్నారు. తగ్గిన బరువుని పదో నెల దాకా పూర్తిగా నిలుపుకున్నది మాత్రం 24 శాతమే. స్నేహితులతో వచ్చి, ఒకరికొకరు ఎట్టా తోడుండాలో కూడా నేర్చుకున్నవాళ్ళలో ఆ లెక్కలు 95, 66.

పెద్ద తేడానే. కాకపోతే ఒక మెలిక ఉంది. చీటీలు వేసినట్టు పంచింది ఆ తోడు పాఠాన్నే గానీ స్నేహితుల్ని కాదు. ముగ్గుర్ని పోగేసుకుని రాగలిగిన మనిషి మొదటి నుంచే వేరే రకమేమో, ఎవరు చెప్పొచ్చారు?

పెన్నాగట్టు అన్నకి కూడా ఆధారం ఉంది. 1996లో విలియమ్స్, ర్యాన్, డెసీ అనే పరిశోధకులు బరువు తగ్గించే ఒక శిక్షణలో చూసింది ఇదీ: ఇంట్లోవాళ్ళు పోరుపెట్టారని కాకుండా తమకే కావాలనుకుని చేసినవాళ్ళు క్లాసులకి సరిగ్గా వచ్చారు, బరువు ఎక్కువ తగ్గారు, రెండేళ్ళకి అటూఇటూగా మళ్ళీ చూసినా మెరుగ్గానే నిలుపుకున్నారు. అయితే ఆ "నాకే కావాలి" అనేది ఊరికే ఊడిపడలేదు. అక్కడి సిబ్బంది మమ్మల్ని మనుషుల్లా చూసి, మా ఇష్టాన్ని అడుగుతున్నారు అనుకున్నవాళ్ళలోనే అది ఎక్కువ. అంటే లోపలి పట్టుదలకి కూడా బయటి మాట తీరే ఎరువు. ఒంగోలు తమ్ముడి బజ్జీల కథ దీనికి తిరగేసిన రుజువు.

పెన్నాగట్టు, నెల్లూరు:
అమెరికా లెక్కలు మనకెందుకబ్బా. అక్కడ అత్తమ్మా ఉండదు, చేపల పులుసూ ఉండదు.

కందుకూరు ల్యాబు:
అయితే చెన్నై లెక్క తీసుకో అన్నా. షుగర్ డాక్టరు రామచంద్రన్ గారి బృందం 2006లో ప్రచురించింది. షుగర్ అంచున ఉన్న 531 మందిని తీసుకుని, కొందరికి నడక, తిండి మార్పులు చెప్పి, మధ్యమధ్య ఫోన్ చేసి పలకరిస్తూ వచ్చారు. మామూలు సలహాతో వదిలేసినవాళ్ళతో పోలిస్తే వీళ్ళకి షుగర్ వచ్చే ప్రమాదం 28.5 శాతం తగ్గింది. విచిత్రమేందంటే, సగటు బరువులో చెప్పుకోదగ్గ తగ్గుదలే లేదు! మా ల్యాబుకొచ్చేవాళ్ళలో చాలామంది కాటా ముల్లు కదల్లేదని నడక మానేస్తారు. కాటా చెప్పని లాభాన్ని గుర్తుచెయ్యడానికైనా ఒక మనిషి ఉండాలి.

మైపాడు రొయ్యలు:
రొయ్యల చెరువు కాడ రాత్రంతా నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్లు చూసుకునేవాడికి నడక తోడు ఎవరొస్తారు సామీ. నిద్ర చాలదు, చాలకపోతే ఆకలి, ఆకలేస్తే టీ బిస్కెట్. నేను చేసిందల్లా టీ తెచ్చే పిల్లోడికి చెప్పి నా గ్లాసుకి పంచదార మాన్పించడం. వాడు మర్చిపోకుండా తెస్తుండాడు. పట్టుదల నాదో వాడిదో మీరే తేల్చండి.

పెన్నాగట్టు, నెల్లూరు:
వాడిదే! సరే, టీచరమ్మ గారి మాట సగం ఒప్పుకుంటా. వండే తీరు మారకుండా తినేవాణ్ణి మాత్రమే తిట్టడం న్యాయం కాదు. మరి మిగతా సగం? నూనె సంగతి మీ మామగారికి చెప్పాల్సింది మీరే కదమ్మా. అది పట్టుదల కాకపోతే ఇంకేంది?

కావలి టీచరమ్మ:
నేను చెప్తే కోడలి పెత్తనం అవుతుందన్నా. కొడుకు చెప్తే ఆరోగ్యం సంగతి అవుతుంది. ఆ కొడుకు ఇప్పుడు ముందు గదిలో క్రికెట్ చూస్తా "పులుసు అయిందా" అని కేకేస్తుండాడు.

ఒంగోలు కుర్రోడు:
ఆయన నంబరు ఇవ్వండక్కా, ఇదంతా నేనే పంపిస్తా. మా ఆవిడకి మాత్రం చూపించొద్దు.