రోడ్డు భద్రత డబ్బులు హైవేకా, ఊరి లోపలి రోడ్లకా? (అనంతపురం)

గుత్తిరోడ్డు_బైకర్: మా కాలనీ స్కూలు ముందు మలుపులో ఎప్పుడూ ఎవరో ఒకరు బండి మీద నుంచి పడుతూనే ఉంటారు. ఒక స్పీడ్ బ్రేకరు, ఒక లైటు పెట్టమని అడిగితే అది బ్లాక్ స్పాట్ (యాక్సిడెంట్లు ఎక్కువగా జరిగే చోటు) లిస్టులో లేదు, నిధులు రావు అన్నారు. ఆ లిస్టు సంగతి కనుక్కుంటే, 500 మీటర్ల లోపల మూడేళ్లలో 5 పెద్ద యాక్సిడెంట్లన్నా జరగాలంట, లేదంటే 10 మంది చనిపోవాలంట. అదీ నేషనల్ హైవేల కోసం పెట్టిన లెక్క. అంతవరకు మేం కాచుకోవాలా? రోడ్డు భద్రతకు ఇచ్చే డబ్బులో సగమన్నా ఊరి లోపలి రోడ్లకు ఇవ్వాలంటాను. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

సీమ_సివిల్: నేను కాదంటా తమ్ముడూ. 2022లో దేశం మొత్తమ్మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే 61,038 మంది నేషనల్ హైవేల మీదే పోయినారు. మొత్తం రోడ్ల పొడవులో అవి రెండు శాతం చిల్లర. మన 44వ నంబరు హైవేనే తీసుకో, వెల్దుర్తి దగ్గర 2019లో ఒక పెద్ద యాక్సిడెంటు, 2021లో ఇంకొకటి, మొన్న 2025 అక్టోబరులో చిన్నటేకూరు దగ్గర బస్సు కాలిపోవడం, అన్నీ ఒక్క కర్నూలు జిల్లాలోనే. ప్రాణాలు ఎక్కువగా పోయేచోట డబ్బు పెడితే తప్పెట్లవుతుంది? లెక్క చూడకుండా ఇస్తే లీడరు ఇంటి ముందు మూడు స్పీడ్ బ్రేకర్లు పడతాయి, నీ స్కూలు అట్లే ఉంటుంది.

పాతూరు_అక్క: ఆ లెక్కలో పై లైను చదివి కింది లైను వదిలేసినావు. అదే ఏడాది నేషనల్ హైవే, స్టేట్ హైవే రెండూ కాని రోడ్ల మీద పోయినవాళ్లు 66,441 మంది. వాళ్లు ఒకేచోట పోలేదు, ఒక్కో మలుపులో ఒక్కొక్కరుగా పోయినారు, అందుకే ఏ లిస్టుకూ ఎక్కరు.

టోల్_బాధితుడు: అక్క మాటే నాది. మరూరు దగ్గర, కాశేపల్లి దగ్గర టోలు కడుతున్నాం, పెట్రోలు డీజిల్ మీద రోడ్డు సెస్సు వేరే. హైవేకు అండర్‌పాసులైనా లైట్లైనా ఆ డబ్బుతోనే చేసుకోవాల కదప్పా. జిల్లాకొచ్చే పైసలు అందులో కలపడమెందుకు?

హైవేపక్క_పల్లె: మా ఊరికి, పొలాలకు నడుమ హైవే పోతుంది. గొర్రెలతోనో గడ్డిమోపుతోనో దాటేటప్పుడు మావాళ్లు చనిపోతే అది హైవే చావా, ఊరి చావా? మీరు రెండుగా పంచుకుంటున్నారు గానీ మా దగ్గర రెండూ ఒకటే. పంచాయతీని అడగమంటారేమో, 2021-26కు ఇచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీళ్లకు, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలని రూలు. మిగిలిన 40లోనే ఊరి తక్కిన అవసరాలన్నీ.

సీమ_సివిల్: నీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదన్నా, ఒప్పుకుంటా. కానీ డబ్బు వస్తే చాలనుకోకండి. ఐఆర్‌సీ (రోడ్ల కొలతలు చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) ప్రకారం స్పీడ్ బ్రేకరు వెడల్పు, ఎత్తు కొలత ప్రకారం ఉండాల. మనవాళ్లు కంకర కుప్ప పోసి, పెయింటు కూడా వేయకుండా పోతారు, రాత్రిపూట దాని మీదే పడేవాళ్లున్నారు. డిజైను రూలు పాటించక ఎవరైనా చనిపోతేనో, వైకల్యం వస్తేనో లక్ష వరకు జరిమానా అని మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 198ఏ సెక్షన్ పెట్టినారు. ఎవరికైనా వేసినట్టు నేనైతే వినలేదు.

గుత్తిరోడ్డు_బైకర్: సరేన్నా, లెక్కే కావాలంటే లెక్కే పెడదాం, ఎఫ్ఐఆర్ లెక్క మాత్రం వద్దు. మా దగ్గర పడినోళ్లలో స్టేషనుకు పోయేవాళ్లు తక్కువ, ఆటోలో పోయి కట్టు కట్టించుకుని ఇంటికొస్తారు. 108 ఎక్కడెక్కడికి వచ్చిందో చూసి కలెక్టరు దగ్గరుండే రోడ్డు భద్రత కమిటీలో పెట్టమందాం.

టోల్_బాధితుడు: ఆటోలో పోతారని నువ్వే అంటివి, మళ్లీ 108 లెక్క అంటావు. వాళ్లు అందులోనూ పడరు కదప్పా 😀

పాతూరు_అక్క: ఆసుపత్రి క్యాజువాలిటీ రిజిస్టరులో పడతారు. నేను చూసిన రిజిస్టరులో బండి మీద నుంచి పడినారని రాసుంది గానీ ఎక్కడ పడినారో రాసేదానికి గడి లేదు. ఆ గడి పెట్టమని సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తున్నా. సివిల్ తమ్ముడూ, నువ్వూ రా, లెక్క కావాలన్నది నువ్వే.