‘ప్లాటిడాక్టిలస్’ అంటే చదును వేళ్ళా, వెడల్పు వేళ్ళా?

ప్రశ్న:
బల్లుల వర్ణనలో ‘ప్లాటిడాక్టిలస్’ అనే సమాస విశేషణం చదివాను. దీనిని ‘చదునైన వేళ్ళు గల’ అని తెలుగు చేయాలా, ‘వెడల్పైన వేళ్ళు గల’ అనాలా? ఇది చేతివేళ్ళను చెబుతుందా, కాలివేళ్ళనా? పుట్టుక తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:
ఇది గ్రీకు పదాల కూర్పు. పూర్వపదం ‘ప్లతుస్’కు వెడల్పు, చదును అనే రెండర్థాలూ ఉన్నాయి, సంస్కృతంలో విశాలమని అర్థమిచ్చే ‘పృథు’ శబ్దం దీనికి సోదరపదం. ఉత్తరపదం ‘దక్తులోస్’ అంటే వేలు. మన ‘వేలు’ లాగానే అది చేతికీ కాలికీ చెల్లుతుంది కనుక, ఏ వేళ్ళో సందర్భాన్ని బట్టి గ్రహించాలి. (గ్రీకు ఛందస్సులో ఒక గురువు, రెండు లఘువులు గల గణానికీ ఇదే పేరు, మన భగణం సరిగ్గా అదే.) మన వ్యాకరణ పరిభాషలో ఇది బహువ్రీహి. చతుర్భుజుడు అన్నప్పుడు నాలుగు భుజాలు గలవాడు స్ఫురించినట్లే, ఇక్కడ కూడా వేళ్ళు కాక, అటువంటి వేళ్ళు గల ప్రాణి ప్రధానమవుతుంది.

రెండవ సమాధానం:
బల్లుల విషయంలో ‘వెడల్పు’ అనడమే సమంజసమని నా అభిప్రాయం. గోడలు పాకే అనేక బల్లుల వేళ్ళు విప్పారి ఉంటాయి. వాటి అడుగున అడ్డంగా పేర్చినట్లుండే పలకల మీద అతిసూక్ష్మమైన కెరటిన్ (గోళ్ళలో ఉండే ప్రొటీన్) రోమాలు ఉండి, ఒక్కొక్క రోమం కొనలో వందల శాఖలుగా చీలుతుంది. ఆ కొనలకూ గోడకూ మధ్య పనిచేసే వాన్ డెర్ వాల్స్ బలాలే (అణువుల మధ్య ఉండే బలహీనమైన ఆకర్షణలే) బల్లిని పట్టి ఉంచుతాయని 2002లో ప్రచురితమైన ప్రయోగాలు చూపాయి. గోడను తాకే కొనలు ఎన్ని ఎక్కువైతే పట్టు అంత బలపడుతుంది కనుక, వేలి విస్తీర్ణమే ఇక్కడ అసలు లక్షణం.

మూడవ సమాధానం:
అంగీకరిస్తాను. అయితే ఆ పూర్వపదాన్ని అన్నిచోట్లా ‘వెడల్పు’ అనకూడదు. 1799లో జార్జ్ షా ఆస్ట్రేలియా జంతువుకు పెట్టిన ‘ప్లాటిపస్’ అనే పేరును ‘చదును పాదాలది’ అనే వివరిస్తారు. ఆ పేరు అప్పటికే ఒక పురుగుల ప్రజాతికి ఉన్నందున శాస్త్రీయ నామం మారింది గానీ, వాడుకలో పాతదే నిలిచింది. ఇక బల్లికి ‘పృథ్వంగుళి’ వంటి సంస్కృత సమాసం కల్పించవచ్చు. కానీ ‘వెడల్పు వేళ్ళ బల్లి’ అంటే ఎవరికైనా వెంటనే బోధపడుతుంది, కనుక నేను దానినే వాడతాను.