డబ్ల్యూడబ్ల్యూఈ మెక్సికో కంపెనీని కొంది సరే, అసలు అందులో కొన్నదేమిటి?

గంటస్తంభం_విజయనగరం

నమస్కారమండీ. 2025 ఏప్రిల్ 19న, ఏడాదికోసారి జరిగే పెద్ద ప్రదర్శన రెజిల్‌మేనియా 41 మొదటి రోజున, మెక్సికోలోని ట్రిపుల్ ఏ రెజ్లింగ్ కంపెనీ తమ చేతికొస్తోందని అమెరికా కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ ప్రకటించింది కదా. నెల్లిమర్ల జూట్ మిల్లు లాంటిది కొంటే భూమి కనబడుతుంది, యంత్రాలు కనబడతాయి. రెజ్లింగ్ కంపెనీకి అలాంటివేం ఉంటాయి? హాలు అద్దెది, రింగు లారీలో వచ్చి లారీలో పోతుంది, తలపడేవాళ్లు కాంట్రాక్టు మనుషులు. మరి డబ్బు పోసి కొన్నదేటి?

రెండోది, 2001లో అమెరికాలోనే పోటీ కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూని కొని మూసేశారు. దీన్నీ అలాగే చేస్తారా? మూడోది, మన దేశంలో ఇలాంటి కొనుగోలు జరిగే వీలుందా? కొండవెలగాడ వైపు బరువులెత్తే కుర్రాళ్లు ఇదే అడుగుతున్నారు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

సూర్యమహల్_జంక్షన్

కొన్నది ముఖ్యంగా మూడు: పేర్లు, మాస్కులు, పాత టేపులు. వాటి తర్వాతే మనుషులు.

మెక్సికోలో మాస్కు కూడా ఆస్తే. ట్రిపుల్ ఏని 1992లో పెట్టిన ఆంటోనియో పెన్యా పాత్రలు తయారుచేసి, వాటి హక్కులు కంపెనీ దగ్గరే ఉంచేవాడు. లా పార్కా సంగతి చూడండి. అస్థిపంజరం దుస్తులతో ఆ పాత్రకు పేరు తెచ్చినాయన అమెరికా వెళ్లి డబ్ల్యూసీడబ్ల్యూలో ఆడాడు. ఇక్కడ కంపెనీ అదే వేషం ఇంకొకరికి ఇచ్చేసింది. చివరికి పాత మనిషి తన పేరు తాను పెట్టుకోలేక 'ఎల్.ఏ. పార్క్' అని మార్చుకోవాల్సి వచ్చింది. మనిషి మారినా ఆ వేషానికి టికెట్ తెగుతుంది. కాబట్టి కొనేవాడు మొదట చూడాల్సింది ఏ పాత్ర కంపెనీ పేరు మీద ఉంది, ఏది ఆడేవాడి సొంతం, ఏది తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన వారసత్వం అన్నది. ఈ లెక్క తేలకుండా సంతకం పెడితే ఆ పాత్రల బొమ్మలు అమ్మిన మర్నాడే కోర్టు నోటీసు వస్తుంది.

ఇక టేపులు. 1994 నవంబర్ 6న లాస్ ఏంజలెస్‌లో జరిగిన 'వెన్ వరల్డ్స్ కొలైడ్' ప్రదర్శన ట్రిపుల్ ఏ చరిత్రలో పెద్ద ఘట్టం. ఎడ్డీ గెరెరో, ఆర్ట్ బార్ జంట ఆరోజు ఆడిన ఆటను ఇప్పటికీ వెతుక్కుని చూస్తారు. రే మిస్టీరియో కుర్రతనం కూడా ట్రిపుల్ ఏలోనే గడిచింది. ఎడ్డీ, రే ఇద్దరి మీదా డబ్ల్యూడబ్ల్యూఈ తర్వాత ఎంత సంపాదించిందో అందరికీ తెలుసు. కథ మొదటి భాగం మాత్రం చాలామటుకు వాళ్ల దగ్గర లేదు. టేపులతో ఆ లోటు తీరుతుంది.

నాగావళి_గట్టు

పై సమాధానంతో ఏకీభవిస్తాను గానీ, మనుషుల్ని చివర పెట్టడం ఒప్పుకోను. డబ్ల్యూసీడబ్ల్యూ విషయంలో దెబ్బతిన్నది అక్కడే.

2001 మార్చిలో కొన్నప్పుడు పేరు, టేపులు, కొందరి కాంట్రాక్టులు మాత్రమే వచ్చాయి. హోగన్, గోల్డ్‌బర్గ్, స్టింగ్, ఫ్లెయిర్, నాష్ లాంటి పెద్దవాళ్ల కాంట్రాక్టులు మాతృసంస్థ ఏఓఎల్ టైమ్ వార్నర్‌తో ఉన్నాయి. ఇంట్లో కూర్చున్నా జీతం వస్తుంటే తక్కువకు ఎవరొస్తారు? ఆ వేసవిలో రెండు కంపెనీల యుద్ధం అంటూ కథ నడిపితే, అవతలి సైన్యంలో సేనాపతులే లేరు. జనం ఏళ్లుగా ఎదురుచూసిన పోటీ అలా నీరుగారిపోయింది. అదే టేపులు మాత్రం 2014లో ఇంటర్నెట్‌లో వీడియోలు చూపే సొంత నెట్‌వర్క్ పెట్టినప్పుడు బాగా అక్కరకొచ్చాయి.

ఇంకా వెనక్కి వెళ్తే 1984లో రెండు పాఠాలున్నాయి. కెనడాలోని కాల్గరీలో స్టూ హార్ట్ నడిపిన స్టాంపీడ్ రెజ్లింగ్‌ను తీసుకున్నారు; దాంతో బ్రెట్ హార్ట్, జిమ్ నీడ్‌హార్ట్, బ్రిటిష్ బుల్‌డాగ్స్ జంట వచ్చారు. అది మనుషుల్ని తెచ్చిన బేరం. అదే ఏడు అమెరికాలోని జార్జియా రాష్ట్రపు రెజ్లింగ్ కంపెనీ వాటాలు కొని, జులై 14న దాని శనివారం టీవీ సమయంలో తమ కార్యక్రమం వేశారు. ఊరి వాళ్లు తమ అలవాటైన ముఖాలు లేవని గొడవ చేశారు. మరుసటి ఏడాది ఆ సమయాన్ని పోటీ ప్రమోటర్ జిమ్ క్రాకెట్‌కు అమ్మేసుకోవాల్సి వచ్చింది. చూసే అలవాటును కొనొచ్చు, నిలబెట్టుకోవడం వేరే పని.

గంటస్తంభం_విజయనగరం

బాగా అర్థమైందండీ. అయితే ట్రిపుల్ ఏని మూయకుండా నడుపుతున్నది అందుకేనా? మొత్తం డబ్ల్యూడబ్ల్యూఈదేనా, భాగస్వాములున్నారా?

నాగావళి_గట్టు

మొత్తం కాదు. 51 శాతం డబ్ల్యూడబ్ల్యూఈ, 49 శాతం ఫిలిప్ అనే మెక్సికో కంపెనీ. స్థానిక టీవీ, హాళ్లు, స్పాన్సర్లు తెలిసిన భాగస్వామి ఉండడం వాళ్లకు అవసరం. పైగా అక్కడ 1933 నుంచి నడుస్తున్న పోటీ కంపెనీ సీఎంఎల్ఎల్ ఉంది, దానికి అమెరికాలో డబ్ల్యూడబ్ల్యూఈకి పోటీ అయిన ఏఈడబ్ల్యూతో పొత్తు. ట్రిపుల్ ఏని మూస్తే ఆ ప్రేక్షకులు డబ్ల్యూడబ్ల్యూఈకి రారు, తిన్నగా సీఎంఎల్ఎల్‌కు పోతారు.

గెలుపోటములు ముందే రాసుకునే ఆట కదా, ఛాంపియన్ బెల్టు నడిపిన తీరు కూడా గమనించండి. 2025 జూన్ 7న ఇంగిల్‌వుడ్‌లో, ఆగస్టు 16న ట్రిపుల్ ఏ పెద్ద ప్రదర్శన ట్రిప్లేమానియాలో, ఆ కంపెనీ పెద్ద బెల్టైన మెగా టైటిల్‌ను వాళ్ల మనిషి ఎల్ ఇహో డెల్ వికింగో దగ్గరే ఉంచారు. సెప్టెంబర్ 12న లాస్ వేగాస్‌లో డబ్ల్యూడబ్ల్యూఈ ఆటగాడు డొమినిక్ మిస్టీరియోకు ఇచ్చారు. రెండుసార్లు సొంత ఛాంపియన్‌ను నిలబెట్టాకే బయటివాడికి ఇవ్వడం మంచి పని. మొదటి రోజే ఇచ్చుంటే జార్జియా గొడవే మళ్లీ.

నాకు భయమున్నది బ్రిటన్ అనుభవం వల్ల. అక్కడ కంపెనీలను కొనకుండా ఆటగాళ్లకు కాంట్రాక్టులిచ్చి 2018లో ఎన్ఎక్స్‌టీ యూకే అనే సొంత ప్రదర్శన నడిపారు. చిన్న కంపెనీలకు పేరున్నవాళ్లు దొరకడం కష్టమైంది. 2022లో దాన్నీ ఆపేసి చాలామందిని వదిలేశారు. మెక్సికోలో రెజ్లర్ల బతుకు వారం పొడవునా చిన్న చిన్న ఊళ్లలో, రోజుకింత లెక్కన ఆడే ఆటల మీద ఉంది. 'మాకు తప్ప ఎక్కడా ఆడకూడదు' అని కాంట్రాక్టులో రాస్తే, ఆ ఊళ్ల హాళ్లే ఖాళీ అవుతాయి. కొత్త కుర్రాళ్లు తయారయ్యేది కూడా అక్కడే కదా.

కోట_గోదా

అందరూ కాగితాల దగ్గరే ఆగిపోయారు. గోదాలో ఏం తేడా వస్తుందో కూడా చూడాలి.

పట్టు: అమెరికాలో తలను చంకలో బిగించే హెడ్‌లాక్ అయినా, చేయి మెలిపెట్టడమైనా ఎదుటివాడి ఎడమ పక్కన మొదలవుతుంది. మెక్సికోలో కుడి పక్కన. ఇద్దరూ అలవాటు ప్రకారం కదిలితే ఒకే వైపు తిరిగి ఢీకొంటారు. నేల మీద ఇది చిన్న తడబాటే; తాళ్ల మీద నుంచి దూకి తిరిగే ఎత్తులో అయితే మెడ మీద పడతారు. అందుకే ఆటకు ముందే ఎవరి పద్ధతో తేల్చుకుని, గాల్లో చేసే ఎత్తుల్ని రెండు వైపులా నెమ్మదిగా చేసి చూసుకోవాలి. 'మిస్టేక్' అని మనం నవ్వే వాటిల్లో చాలా ఈ కుడిఎడమల తికమకే.

ట్యాగ్ (జట్టులో ఒకరి బదులు ఇంకొకరు ఆటలోకి రావడం) నియమం: మెక్సికోలో లోపలున్నవాడి పాదాలు రింగు బయట నేలను తాకితే చాలు, జతగాడు చేయి తట్టించుకోకుండానే లోపలికి రావచ్చు. ఇది తెలియని ప్రేక్షకుడికి రిఫరీ నిద్రపోతున్నట్టు కనబడుతుంది. కామెంటేటర్లు ప్రతి ఆటలోనూ ఒకసారైనా చెప్పాలి. ఎదుటివాడి మాస్కు లాగేస్తే ఓటమి. ఎదుటివాడిని తలకిందులుగా పట్టుకుని నేలకు దించే పైల్‌డ్రైవర్‌ను అక్కడ మార్టినేటే అంటారు, అదీ నిషేధమే. అమెరికాలో పెరిగినవాడు మరిచిపోయి వేస్తే కథంతా మారిపోతుంది.

ఊపిరి: మెక్సికో సిటీ సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తులో ఉంది. మన తీరం నుంచి వెళ్లినవాడికి మెట్లెక్కినా ఆయాసమే. ముందురోజు రాత్రి దిగి 20 నిమిషాలు పరుగులు పెట్టే ఆట ఆడితే సగంలో కాళ్లు తేలిపోతాయి. కొన్ని రోజులు ముందుగా చేరాలి, లేదా ఆటను ముగ్గురేసి జట్లతో పెట్టాలి. ట్రియోస్ అనే ఆ పద్ధతిలో ఒకరు ఆడుతుంటే ఇద్దరు ఊపిరి పీల్చుకుంటారు.

సూర్యమహల్_జంక్షన్

మూడో ప్రశ్నకు: మన దేశంలో ప్రస్తుతానికి అంత పెద్ద బేరానికి సరుకు లేదు. కొనడానికి ఏళ్ల తరబడి టేపులుండాలి, జనానికి తెలిసిన పాత్రలుండాలి. టీఎన్ఏ అనే అమెరికా కంపెనీ వాళ్లు పుణెలో చిత్రీకరించి 2012లో టీవీలో వేసిన 'రింగ్ కా కింగ్' 26 ఎపిసోడ్లతో ఆగిపోయింది. 2023 సెప్టెంబర్ 8న హైదరాబాద్ గచ్చిబౌలిలో జాన్ సీనా ఆడింది ఒక్క రాత్రి కార్యక్రమం. వీరఘట్టం నుంచి వచ్చిన కోడి రామ్మూర్తి నాయుడు గారు వందేళ్ల క్రితమే సర్కస్ పెట్టి, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టి, టికెట్ మీద జనాన్ని రప్పించారు. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరు మిగిలింది. ఆ పరంపర వారం వారం నడిచే ప్రదర్శనగా కొనసాగి ఉంటే ఇవాళ కొనడానికి మన దగ్గరా ఏదో ఉండేది.

కోట_గోదా

కొండవెలగాడ కుర్రాళ్లకు ఒక మాట. బరువులెత్తే బలం ఉపయోగమే, కానీ మొదట నేర్వాల్సింది పడడం. మందపాటి మ్యాట్ మీద గొంతుక్కూర్చుని మొదలుపెట్టాలి. గడ్డం ఛాతీకి ఆనించి, ఊపిరి వదులుతూ, వీపు పైభాగం మీద పడాలి. అదే క్షణంలో రెండు అరచేతులూ నేలను చరచాలి. మోచేయి ముందు ఆనితే భుజం పోతుంది, తోక ఎముక ఆనితే నడుం పోతుంది, గడ్డం పైకి లేస్తే తల వెనక తగులుతుంది. ఇది తెలిసిన శిక్షకుడు పక్కన లేకుండా, నిలబడి పడడం దాకా వెళ్లొద్దు. 2019లో ముంబయిలో డబ్ల్యూడబ్ల్యూఈ ట్రయల్స్ పెట్టింది. మళ్లీ పెడితే పాస్‌పోర్టు సిద్ధంగా ఉండాలి, మైకు ముందు రెండు నిమిషాలు తడబడకుండా మాట్లాడటం రావాలి.