గోడ మీద అక్షరాలు: ఙ, ఞ, ణ, ళ, ఱ లకు ఏ బొమ్మ పెట్టాలి?

కావలి నుంచి ప్రశ్న:
పాపాయి గదిలో ఒక గోడ నిండా తెలుగు అక్షరాలు, ఒక్కోదాని కింద ఒక బొమ్మ, ఒక మాట పెట్టిస్తున్నాం. గోడ వెడల్పు 10 అడుగులు. అచ్చులు కుదిరాయి. హల్లుల్లో ఈ అయిదింటి దగ్గర ఆగిపోయాం, వీటితో మొదలయ్యే మాటే దొరకడం లేదు. వదిలేస్తే తప్పా?

ఒంగోలు నుంచి:
వదలొద్దండీ. ఙ, ఞ లను రాయడం మానేశాం గానీ పలకడం మానలేదు. సున్న తన వెనకొచ్చే అక్షరాన్ని బట్టి గొంతు మారుస్తుంది. 'శంఖం' అంటూ సున్న దగ్గర ఆగి చూడండి, నాలుక వెనక భాగం అంగిటికి తగులుతుంది. అదే ఙ. 'మంచం'లో ఞ, 'గంట'లో ణ, 'పంది'లో న, 'కంబళి'లో మ. పాత రాతలో శఙ్ఖము, మఞ్చము అని కూడా రాసేవాళ్ళు. ఙ కింద శంఖం, ఞ కింద మంచం బొమ్మ పెట్టి, ఆ మాటల్లో సున్నను మాత్రం పైనున్న అక్షరం రంగులోనే వేయించండి. చాలా ఛార్టుల్లో ఞ కి జ్ఞానమో యజ్ఞమో పెడతారు. జ్ఞానానికి ఏం బొమ్మ గీస్తాం? పైగా అక్కడ ఞ వత్తుగా వస్తుంది కాబట్టి బిడ్డకు అసలు ఆకారమే కనపడదు.

ణ కి వీణ, ళ కి తాళం. ఇవి మాట మొదట్లో రావు, లోపలే ఉంటాయి, కాబట్టి ఇక్కడా ఆ ఒక్క అక్షరానికే రంగు. ఱ తో మొదలయ్యేవి పాత నిఘంటువుల్లో ఉన్నాయి, ఱెక్క అలాంటిదే. కానీ ఇవాళ ఎవరూ అలా రాయరు. గుఱ్ఱం పెట్టి ఊరుకోండి. బళ్ళో గుర్రం అని నేర్పుతారు, అది తర్వాతి సంగతి.

ఆత్మకూరు నుంచి:
మిగతా హల్లులు కూడా ఒకసారి చూసుకో అమ్మా. క కింద కుక్క, చ కింద చిలుక పెడుతుంటారు. అవి కు, చి, గుణింతం నేర్చినాక పనికొచ్చేవి. మాట మొదటి అక్షరం ఒట్టి తలకట్టుతోనే ఉండాల: కలం, గద్ద, తబలా, నత్త, పలక, వల. చ, జ ల దగ్గర ఇంకో చిక్కుంది. అచ్చ తెలుగు మాటల్లో అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓ ల ముందు చ, జ లు దంత్యాలు, అంటే నాలుక కొనను పళ్ళ దగ్గరికి తెచ్చి పలికేవి. చాప, జడ అని పలికి చూడు, చిలుక, జింకలో చ, జ వేరుగా ఉంటాయి. సంస్కృతం మాటల్లో ఈ తేడా రాదు. అందుకని చక్రం, జపమాల పెట్టుకుంటే గుణింతం బాధా ఉండదు, పలుకు బాధా ఉండదు.

కావలి:
మంచి మాట చెప్పారు సార్. ఒ కింద ఒంగోలు గిత్త అనుకున్నాం, మన వైపు గుర్తు ఒకటైనా ఉండాలని.

ఒంగోలు:
ఒంగోలు వాణ్ణయ్యుండీ వద్దంటున్నా. ఆ బొమ్మ చూసి బిడ్డ 'ఎద్దు' అంటుంది. ఒ దగ్గర నిలబడి ఎ చెప్పినట్టవుతుంది. గిత్తను ఎ కిందికి తోలేయండి, ఒ కి ఒంటె చాలు. బొమ్మ వేయించేటప్పుడు పెద్ద మూపురం, పొట్టి కొమ్ములు, తెల్లటి ఒళ్ళు చూసుకోండి. నెట్లో వెతికితే బారు కొమ్ములవి కూడా అదే పేరుతో వస్తాయి.

ఆత్మకూరు:
ఎ కి ఎండ్రకాయ కూడా బాగుంటుంది. పుస్తకాల్లో పీత అని ఉన్నా మన నెల్లూరులో బిడ్డ నోట్లో వచ్చేది ఎండ్రకాయే గదా. ఎద్దా, ఎండ్రకాయా అనేది మీ ఇష్టం.

నెల్లూరు నుంచి (బోర్డులు రాసే పని):
మాటలు సరే, అక్షరాల చెక్కుడు దగ్గర ఏం పోతుందో చెప్తా. ఠ కడుపులో చుక్క ఊడితే అది ర. థ లో చుక్క ఊడితే ధ. సన్‌బోర్డు కోసినా, స్టిక్కరు కోసినా ముందు పొయ్యేది ఆ చుక్కే, ఎందుకంటే అది దేనికీ అంటుకోని విడి ముక్క. ప, స ల తలకట్టు కూడా ఒంటికి తగలదు, రెండు ముక్కలుగా వస్తుంది. ఇట్టాంటివన్నీ వెనక పట్టీ వేసి అతికించాల, లేదంటే గుండ్రటి బిళ్ళ మీద అక్షరం ప్రింటు తీయించి ఆ బిళ్ళనే కోయించాల. రెండోదే మేలు. ఇంకోటి, ఖ, జ, ట, బ, ల, ణ లకు తలకట్టు ఉండదు. అన్నీ ఒకే మాదిరి ఉండాలని వాటి నెత్తిన కూడా టిక్కు పెట్టేవాళ్ళున్నారు, ప్రూఫులో పట్టుకోండి.

అన్నిటికీ ఒకే వెడల్పు గళ్ళు గీయొద్దు. ఋ, ఘ, ఝ దాదాపు రెండక్షరాల చోటు తింటాయి. ఎత్తు ఒకటిగా ఉంచి వెడల్పు దాని ఇష్టానికి వదలండి. 5 అంగుళాల ఎత్తు అనుకుంటే సగటున 6 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల సందు. అ నుంచి ఔ దాకా 13 అచ్చులకు 104 అంగుళాలు. మీ గోడ 120, ఋ లాగే వెడల్పైన వాటికి కూడా చోటు మిగులుద్ది. అక్షరం కింద రాసే మాటకు, బొమ్మకు మధ్య సందు ఎక్కువుంచండి, అమ్మలో మ-వత్తు, గుఱ్ఱంలో ఱ-వత్తు కిందికి దిగుతాయి.

ఫాంటు విషయం. పిల్లల గోడకు మండలి లాంటి సాదా ఫాంటు చాలు, వయ్యారాలు పోయేవి వద్దు. ప్రింటు వేసే చోట పాత పద్ధతి ఫాంట్లు వాడుతుంటే, మీరు యూనికోడ్‌లో పంపిన మాట పొల్లులు పొల్లులుగా విడిపోయి, లేకుంటే చెత్త గుర్తులుగా తెరుచుకుంటుంది. పీడీఎఫ్ చేసి, అక్షరాలను గీతలుగా మార్చి పంపండి. అయినా ఒక కాపీ కాగితం మీద చూడందే కోతకు ఒప్పుకోవద్దు.

కందుకూరు నుంచి:
అతికించే సంగతి నేను చెప్తానండీ. సున్నం వేసిన గోడకు స్టిక్కరు నిలవదు, పొడితో సహా ఊడొస్తుంది. ముందు ప్రైమరు, పైన ఎమల్షన్ వేయించి పూర్తిగా ఆరనివ్వండి. మన ఎండలకు పడమటి గోడ కాలిపోతుంది, ఆ గోడకు డబుల్ టేపు రోహిణి కార్తె దాకా కూడా ఆగదు. లోపలి గోడ ఎంచుకోండి. రంగు డబ్బా మీద సీసం 90 పీపీఎం లోపు అని ఉందో లేదో చూడండి, మన దేశంలో ఇంటి రంగులకు అదే హద్దు.

ఉయ్యాల పైన, బిడ్డ చేతికందే దూరంలో ఏ ముక్కా పెట్టొద్దు. ఠ చుక్క ఊడి ఉయ్యాల్లో పడితే అది నోట్లోకే పోతుంది. మార్కాపురం రాతి పలకలు తగిలిస్తే అందంగానే ఉంటాయి గానీ, బరువు. పడితే చెక్క చట్రం ఆపదు. వాటిని ఉయ్యాలకు ఎదురు గోడకు, టేపుతో కాకుండా మేకుకు తగిలించండి. పుట్టిన కొత్తలో బిడ్డకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరమే తేటగా కనపడుతుంది, కాబట్టి గోడ మీదవి మొదటి నెలల్లో మనకోసమే. అప్పుడు చూపించడానికి నల్ల అట్ట మీద తెల్ల అక్షరాలు అరచేతంత కార్డులుగా చేసిపెట్టుకోండి.

కావలి:
అన్నీ రాసుకున్నాం. చివరిగా ఒకటి, పైన హెడ్డింగు 'వర్ణమాల' అని వేయించనా?

ఒంగోలు:
'ఓనమాలు' వేయించండి. అక్షరాభ్యాసం రోజు బియ్యంలో దిద్దించే ఓం నమః శివాయ లోంచి వచ్చిన మాట.

నెల్లూరు:
పనికీ అదే సులువు. వర్ణమాలలో ణ-వత్తు కిందికి వేలాడుతుంది, 8 అంగుళాల అక్షరానికి 12 అంగుళాల పట్టీ కావాల. ఓనమాలుకు వత్తే లేదు, 10 సరిపోతుంది.