బ్లూ కార్డు గడువు ముగుస్తోంది, టెర్మిన్ దొరకడం లేదు: నాన్నగారి ఆపరేషన్‌కు ఇండియా వెళ్ళి రావచ్చా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను జర్మనీలోని బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్ళో ఉంటున్నాను. రెండేళ్ళ ఒప్పందం మీద ఉద్యోగానికి వచ్చినందువల్ల ఒప్పందం గడువుకు మూడు నెలలు కలిపి బ్లూ కార్డు (ఉన్నత విద్యార్హత ఉన్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి) ఇచ్చారు. అది వచ్చే నెల 20న ముగుస్తుంది. కంపెనీ వారు ఒప్పందం పొడిగించారు. జీతం పత్రాలు, ఆరోగ్య బీమా పత్రం సిద్ధంగా ఉన్నాయి. అయితే ఇక్కడి విదేశీయుల కార్యాలయంలో టెర్మిన్ (అపాయింట్‌మెంట్) కోసం ఆరు వారాలుగా ప్రయత్నిస్తున్నా ఖాళీ కనిపించడం లేదు, పంపిన రెండు ఈమెయిళ్ళకూ జవాబు లేదు. ఈలోగా గుంటూరులో నాన్నగారి బైపాస్ ఆపరేషన్‌కు వైద్యులు వచ్చే నెల 25వ తేదీ ఖాయం చేశారు. అక్కడ అమ్మ ఒక్కతే ఉంది, నేను వెళ్ళక తప్పదు. వెళితే తిరిగి రానిస్తారో లేదో, ఉద్యోగం ఏమవుతుందో అన్న దిగులుతో నిద్ర పట్టడం లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి దారి చెప్పండి.

మొదటి జవాబు, మ్యూనిక్ నుండి

టెర్మిన్ దొరకడం వేరు, దరఖాస్తు చేయడం వేరండి. ఈ రెండూ ఒకటేననుకుని టెర్మిన్ కోసం ఎదురుచూస్తూ గడువు దాటబెట్టుకున్నవారిని నేను చూశాను. నివాస చట్టం 81వ సెక్షన్ నాలుగవ ఉపవిభాగం ప్రకారం, కార్డు గడువు ముగియకముందే పొడిగింపు కోరితే, అధికారులు నిర్ణయం తీసుకునే వరకు మీ పాత అనుమతి, ఉద్యోగం చేసే హక్కుతో సహా, కొనసాగుతున్నట్టే లెక్క. అందువల్ల ఈ వారమే పేరు, పుట్టిన తేదీ, కార్డు నంబరు రాసి, పొడిగింపు కోరుతున్నానని స్పష్టంగా పేర్కొంటూ సంతకం చేసిన ఉత్తరాన్ని నకళ్ళతో సహా రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఆ రసీదును పాస్‌పోర్టంత జాగ్రత్తగా దాచుకోండి, రేపు గడువులోపే అడిగారనడానికి అదే సాక్ష్యం.

రెండవ జవాబు, ఫ్రాంక్‌ఫర్ట్ నుండి

పై జవాబు సరైనదే, కానీ అది మీరు జర్మనీలో ఉండడానికి సరిపోతుంది, విమానం ఎక్కడానికి సరిపోదు. పోస్టు రసీదు చూపితే సరిహద్దులో ఎవరూ లోనికి రానివ్వరు. ప్రయాణానికి ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ అనే పత్రం, అంటే దరఖాస్తుపై నిర్ణయం వచ్చే వరకు విదేశీయుల కార్యాలయం ఇచ్చే తాత్కాలిక ధ్రువపత్రం, చేతిలో ఉండాలి. దాని రుసుము 13 యూరోలు. అందులో మూడు గడులు ఉంటాయి. మూడవ గడిలో, అంటే నాలుగవ ఉపవిభాగం అని ఉన్నచోట, గుర్తు ఉంటేనే పాత కార్డుతో, పాస్‌పోర్టుతో కలిపి చూపి తిరిగి రావచ్చు. మొదటి రెండు గడుల్లో ఉంటే తిరిగి రావడానికి మళ్ళీ వీసా కావాలి. పత్రం ఇచ్చినప్పుడు అక్కడే నిలబడి ఆ గడి చూసుకోండి.

నా మాటే చెబుతాను. పోయిన సంవత్సరం తిరిగి వస్తున్నప్పుడు శంషాబాద్‌లో కౌంటరు దగ్గర ఉన్న అమ్మాయి అటువంటి కాగితం ఎప్పుడూ చూడలేదు. ఆమె పై అధికారిని పిలిచి, ఆయన ఫోన్లు చేసి తేల్చేసరికి నలభై నిమిషాలు పట్టింది, అంతసేపూ మా పాప నా చెయ్యి వదలలేదు. అందుకని విమానాశ్రయానికి ముందుగా వెళ్ళండి, వీలైతే మధ్యలో మరో దేశంలో దిగకుండా నేరుగా వచ్చే విమానమే తీసుకోండి. విమానం మారినచోట మళ్ళీ ఇదే తనిఖీ ఎదురవుతుంది.

మూడవ జవాబు, బెర్లిన్ నుండి

ఆసుపత్రి వారి నుండి ఆపరేషన్ తేదీ ఉన్న ఉత్తరం ఇంగ్లీషులో తెప్పించి, దరఖాస్తుకు జతచేసి, అత్యవసరంగా ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ కావాలని విడిగా జర్మన్‌లో రాయండి. కారణం కాగితం మీద కనిపిస్తే స్పందన మారుతుందన్నది నా అనుభవం. అప్పటికీ కదలకపోతే, పరిపాలనా న్యాయస్థానంలో అత్యవసర అర్జీ వేయడానికి న్యాయవాదిని సంప్రదించండి.

మరొకటి. కార్డు ముగిసేసరికి మీరు బ్లూ కార్డు మీద పనిచేసి 27 నెలలు అవుతాయి. ఆ కాలమంతా పింఛను నిధికి చెల్లించి ఉండి, ఎ1 స్థాయి (ప్రాథమిక స్థాయి) జర్మన్ వస్తే శాశ్వత నివాసానికి అడగవచ్చు. బి1 (మధ్యస్థ స్థాయి) ఉంటే 21 నెలలకే ఆ అవకాశం ఉంది. అయితే ఇప్పుడు దాని జోలికి పోకుండా ముందు పొడిగింపు పని చూడండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయమే ఉత్తరం రిజిస్టర్ చేశాను. ఆసుపత్రి కాగితం అమ్మ రేపు తెస్తానంది. పత్రం చేతికి వచ్చి, మూడవ గడి చూసుకున్న తరువాతే టికెట్ కొంటాను.